జాడ దెలుపు పరమాణువులు

మానవశరీరము మూసిన పెట్టెవంటిది. వెలుపలినుండి చూచువానికి లోపల జరుగు పని కానరాదు. వైద్యుడు నాడి పట్టి చూచును, నాలుక చూచును, గుండె చప్పుడు వినును. ఇవియన్నియు బయటి గుఱుతులచేత లోపలి సంగతిని ఊహించుటకు సాధనములు మాత్రమే. 1895వ సంవత్సరమున రాంట్‌జెన్ పండితుడు ఎక్సు కిరణములను కనుగొనిన పిదప ఎముకల ఆకృతిని కన్నులార చూచుటకు వీలు కలిగెను. కాని ఆకృతి వేఱు, పని వేఱు. మూత్రపిండము తన స్థానమున నున్నదని ఛాయాపటము చెప్పవచ్చును. అది రక్తమును శుద్ధి చేయుచున్నదో లేదో ఆ సాధారణ పటము చెప్పజాలదు. అవయవము పని చేయుచుండగా దాని పనిని కనిపెట్టు ఉపాయ మొకటి గత శతాబ్దమున ఏర్పడినది. ఆ ఉపాయమును గూర్చియే ఈ వ్యాసము.

మన నర్సీపట్నము చుట్టుపట్ల తాండవ కాలువలక్రింద సేద్యము చేయువారి బిడ్డలు మన పాఠశాలలో పలువురు కలరు. వారికి బోధపడు ఉపమానమునే చెప్పెదను. భూమిలోపల పోవు గొట్టమునందు నీరు ఎచ్చటనో దారి తప్పుచున్నదనుకొనుడు. పైనుండి చూచిన తెలియదు. అప్పుడు నీటిలో కొంచెము రంగు కలిపి విడిచి, అది ఏ మడిలో తేలునో, ఎంతసేపటికి తేలునో కనిపెట్టినయెడల నీటి దారి తెలియును. ఆ రంగునకు మూడు గుణము లుండవలెను. అది నీటితోబాటు నడవవలెను. అత్యల్పముగ నున్నను కానరావలెను. పైరునకు కీడు చేయరాదు. శరీరమునందు ఈ రంగు చేయు పనిని చేయు రేడియోధార్మిక పదార్థములకు ట్రేసరులని పేరు. జాడ దెలుపునవి గనుక వానిని మనము జాడపదార్థము లనవచ్చును.

ఓటమినుండి పుట్టిన విద్య

ఈ విద్యకు మూలపురుషుడు జార్జి హెవెసీ యను హంగరీ దేశీయుడు. ఆయన 1885లో బుడాపెస్టు నగరమున జన్మించెను. యౌవనమున మాంచెస్టరు నగరములో రూథర్‌ఫర్డు ఆచార్యుని ప్రయోగశాలయందు పని చేయుచుండగా, ఆచార్యుడు ఆయనకు సీసపు రాశిని చూపి, అందు కలసియున్న ‘రేడియము-డి’ యను రేడియోధార్మిక పదార్థమును వేఱు చేయుమని చెప్పెను. హెవెసీ పలువిధముల ప్రయత్నించెను గాని ఎంతమాత్రమును వేఱుపఱుపజాలకపోయెను. కారణమేమన, రేడియము-డి యనునది వేఱొక ధాతువు కాదు; అది సీసములోని ఒక భేదమే. ఒకే ధాతువునకు చెందియు, పరమాణుభారమున మాత్రము భేదించు ఇట్టి రకములను ఐసోటోపులందురు. రసాయనక్రియలయందు అవి యొకే తీరున ప్రవర్తించును. కావున రసాయనమార్గమున వానిని విడదీయుట సాధ్యము కాదు.

హెవెసీ ఇంతటితో విడువక, ఆ చిక్కునే ఉపాయముగ మార్చుకొనెను. రేడియోధార్మిక సీసమును సామాన్యమైన సీసమునుండి విడదీయ వీలుకానియెడల, సామాన్య సీసము పోవు చోటులకెల్ల అదియు తప్పక పోవును గదా! అది విడుచు కిరణములను కొలిచినయెడల సీసము ఎచ్చటికి పోయినదో తెలియును. 1913లో ఆయన పానెత్ అను పండితునితో గూడి వియన్నా నగరమున ఈ పద్ధతిని మొదట ప్రయోగించెను. 1923లో చిక్కుడుజాతి మొక్కల వేళ్లను రేడియోధార్మిక సీసము కలిపిన నీటిలో నుంచి, సీసము వేరునుండి కాండమునకు, కాండమునుండి ఆకునకు ఎంతెంత చేరినదో కొలిచెను. ప్రాణముగల వస్తువునందు జాడ దీసిన మొదటి ప్రయోగము అదియే. ఇందులకై ఆయనకు 1943వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెలు బహుమానము లభించెను.

హెవెసీకి మొదట దొరకినవి ప్రకృతిసిద్ధమైన కొలది ధాతువులు మాత్రమే. సీసము మొక్కకు గాని మనిషికి గాని ఆహారము కాదు. జీవులకు కావలసిన భాస్వరము, అయొడిను మొదలగువానికి రేడియోధార్మిక రూపము కల్పించుట 1934లో ఐరీన్ క్యూరీ, ఫ్రెడెరిక్ జోలియో దంపతులు కృత్రిమ రేడియోధార్మికతను కనుగొనిన పిమ్మటనే సాధ్యమయ్యెను.

అయొడిను చూపిన దారి

మెడ ముందుభాగమున థైరాయిడు గ్రంథి యొకటి గలదు. అది రక్తమునుండి అయొడినును గ్రహించి, శరీరమునకు ముఖ్యమైన రసమును తయారు చేయును. ఆహారమున అయొడిను చాలనిచోట్ల గ్రంథి ఉబ్బి గళగండ మేర్పడును. సముద్రమునకు దూరమైన కొండప్రాంతములయందు ఈ వ్యాధి లోకమంతట ప్రసిద్ధమే. ఉప్పునకు అయొడిను చేర్చుట అందుకొఱకే.

1936లో సాల్ హెర్ట్జ్ అను బోస్టను వైద్యుడు ఒక ఉపన్యాసమును విని, అయొడినును రేడియోధార్మికముగ చేయ వీలగునా యని వక్తయైన భౌతికశాస్త్రజ్ఞుని ప్రశ్నించెను. ఆ ఒక్క ప్రశ్నవలన వైద్యులును భౌతికశాస్త్రజ్ఞులును కలసి పని చేయ మొదలిడిరి. వారు తయారు చేసిన అయొడిను-128 ఇరువదియైదు నిమిషములలో సగము నశించునది. దానిని కుందేళ్లకిచ్చి చూడగా, థైరాయిడు గ్రంథి దానిని తనలోనికి లాగికొనుట స్పష్టమయ్యెను. 1938లో లివింగుడు, సీబోర్గు అనువారు ఎనిమిది దినములలో సగము నశించు అయొడిను-131ను కనుగొనిరి. నేటికిని థైరాయిడు వ్యాధుల పరీక్షకును చికిత్సకును అది ఉపయోగపడుచున్నది.

ఎట్టి పరమాణువు కావలెను?

రేడియోధార్మిక పరమాణువు లన్నియు ఈ పనికి తగవు. పరీక్షింపవలసిన గుణములు ముఖ్యముగ రెండు.

మొదటిది అర్ధజీవితకాలము, అనగా పదార్థములో సగము పరమాణువులు మారిపోవుటకు పట్టు కాలము. అది మిక్కిలి తక్కువైనచో ఔషధము రోగిని చేరకమునుపే నశించును. మిక్కిలి ఎక్కువైనచో పరీక్ష ముగిసిన పిదపగూడ శరీరమున కిరణములు విడుచుచునే యుండును. ఈ రెండవ దోషమునకు చరిత్రయందు విషాదకరమైన నిదర్శన మొకటి గలదు. 1930వ సంవత్సర ప్రాంతమునుండి కొన్ని దేశములలో రక్తనాళములు ఎక్సు కిరణపటమున బాగుగ కనబడుటకై ‘థోరోట్రాస్టు’ అను థోరియపు మందును సూదిద్వారా ఎక్కించుచుండిరి. పటములు చక్కగా వచ్చెడివి. రోగికి వెంటనే ఏ బాధయు కలుగకుండెను. కాని థోరియము అర్ధజీవితకాలము సుమారు 1400 కోట్ల సంవత్సరములు. ఆ మందు కాలేయమునను ప్లీహమునను నిలిచిపోయి బయటికి వెడలదు. ఇరువది ముప్పది యేండ్లు గడచిన పిమ్మట వారిలో పలువురకు కాలేయమున కాన్సరు పుట్టెను. చక్కని పటము వచ్చుటయే చాలదు. పని తీరిన పిదప ఆ పదార్థ మేమగుననుటయు ముందే ఆలోచింపవలెనని ఈ కథ నేర్పుచున్నది.

రెండవది కిరణముల స్వభావము. ఆల్ఫా, బీటా కణములు శరీరములోనే ఆగిపోవును. వానివలన కణజాలమునకు దెబ్బ తగులునే గాని వెలుపలి యంత్రమునకు వార్త చేరదు. గామా కిరణములు శరీరమును దాటి వెలువడును. కావున పటము తీయుటకు గామా కిరణములే తగినవి. వాని శక్తియు మితముగ నుండవలెను.

ఈ రెండు గుణములును చక్కగా కుదిరినది టెక్నీషియము-99ఎమ్. టెక్నీషియము 43వ ధాతువు. 1937లో ఇటలీ దేశపు పలెర్మో నగరమున పెరియే, సెగ్రే అనువారు, అమెరికానుండి వచ్చిన మాలిబ్డినపు రేకులో దీనిని కనుగొనిరి. గ్రీకుభాషలో కృత్రిమమను అర్థమిచ్చు పదమునుండి దానికా పేరు వచ్చినది. దాని 99ఎమ్ రూపము ఆరు గంటలలో సగమగును. 1,40,000 ఎలక్ట్రాను వోల్టుల శక్తిగల గామా కిరణమును విడుచును.

లెక్క చేసి చూతము. ఉదయము 6 గంటలకు 20 మిల్లీక్యూరీలు ఇచ్చితిమనుకొనుడు. మధ్యాహ్నము 12 గంటలకు 10, సాయంకాలము 6 గంటలకు 5, అర్ధరాత్రి రెండున్నర, మఱునాటి ఉదయమునకు ఒకటింబావు మిగులును. అనగా ఒక దినములో పదునాఱవ వంతునకు తగ్గును. కొంత మూత్రముద్వారా వెడలిపోవుటచేత నిజమునకు ఇంకను తక్కువయే యుండును. ఇక ఆ 20 మిల్లీక్యూరీలలోని టెక్నీషియము బరువెంత? గ్రామును నూరుకోట్ల భాగములు చేసినయెడల అందు సుమారు నాలుగు భాగములు. ఇంత స్వల్పమగుటచేతనే అది శరీరపు పనిని ఏమాత్రమును చెదరగొట్టక దాని వార్తను మాత్రము తెచ్చుచున్నది.

పాడియావువంటి యంత్రము

ఆరు గంటలలో సగమగు వస్తువును దూరదేశమునుండి తెప్పించుట యెట్లు? ఈ చిక్కును న్యూయార్కు చెంతనున్న బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలవారు 1950 దశకపు చివర పరిష్కరించిరి. మాలిబ్డినము-99 అను మఱియొక పరమాణువు 66 గంటల అర్ధజీవితకాలము గలది. అది మారుచు టెక్నీషియము-99ఎమ్‌ను పుట్టించుచుండును. మాలిబ్డినమును అల్యూమినాపొడి నింపిన గొట్టమున అంటించి యుంచి, దానిగుండ ఉప్పునీటిని పంపినయెడల, టెక్నీషియము మాత్రము కరగి క్రిందికి దిగును. తల్లి గొట్టములోనే నిలుచును. ఇరువదిమూడు గంటలలో తిరిగి కావలసినంత టెక్నీషియము చేరును. ప్రతి ఉదయమును పాడియావును పిదికినట్లు దీనిని పిదుకుచుందురు; ఆ వృత్తివారును దీనిని ఆవనియే పిలుచుట కలదు. వారము గడచునప్పటికి మాలిబ్డినము ఇంచుమించు ఆఱవవంతునకు తగ్గును గనుక క్రొత్తది తెప్పించుకొనవలెను.

పరమాణువునకు వాహనము

టెక్నీషియము ఒంటరిగ ఎముకకు పొమ్మన్న పోదు. దానిని కావలసిన అవయవమునకు చేర్చుటకు తగిన రసాయనవాహనము కావలెను. ఈ వాహనములను కల్పించుటయే ఈ శాస్త్రమునందలి కఠినమైన పని.

ఎముక తన నిర్మాణమునకు ఫాస్ఫేటును గ్రహించును. కావున ఫాస్ఫేటును పోలిన మెథిలీన్ డైఫాస్ఫొనేటు అను పదార్థమునకు టెక్నీషియమును జోడించిరి. ఎముక ఎచ్చట వేగముగ మారుచున్నదో, అనగా విఱిగి అతుకుచున్నచోట గాని, కాన్సరు ప్రాకినచోట గాని, అచ్చట అది ఎక్కువగ చేరును. సాధారణ ఎక్సు కిరణపటమున మార్పు కనబడుటకు పలువారములముందే ఈ పటమున చిహ్నము కనబడుట కలదు. మూత్రపిండములకు డి.టి.పి.ఎ., గుండెకండరమునకు సెస్టమిబి, ఇట్లే ఒక్కొక్క అవయవమునకు ఒక్కొక్క వాహనము గలదు. జోడించుటకుముందు తగరపు లవణముతో టెక్నీషియమును మార్పు చేయవలెను. లేనియెడల అది వాహనమును పట్టుకొనదు.

క్రొత్త వాహనము రోగిని చేరుటకు దాటవలసిన మెట్లు పెక్కు. మొదట అది రక్తమున విడిపోక నిలుచునో లేదో గాజునాళములలో పరీక్షింతురు. పిదప జంతువులయందు, ఏ అవయవమున ఎంత చేరినదో, ఎంత వెడలిపోయినదో కొలుతురు. అటుపిమ్మట, అనుమతులు పొంది, ఇష్టపడి ముందుకువచ్చిన మనుష్యులయందు పరీక్షింతురు. అంగీకృతమైన పిమ్మటగూడ ప్రతి ఉదయమును తయారైన మందునందు టెక్నీషియమంతయు వాహనమును పట్టినదా యని కాగితపు క్రొమటోగ్రఫీచేత చూచుట విధి. పట్టని భాగము ఎక్కువైనయెడల అది థైరాయిడునకును జీర్ణకోశమునకును పోయి తప్పుడు పటమిచ్చును. తప్పుడు పటమువలన తప్పుడు చికిత్స కలుగును.

పటము తీయు యంత్రము గామా కెమెరా. దీనిని 1957లో బర్కిలీ నగరమున హాల్ యాంగర్ నిర్మించెను. తూట్లుగల సీసపు పలక, దాని వెనుక సోడియమయొడైడు స్ఫటికము, దాని వెనుక కాంతిని గ్రహించు గొట్టములు, ఇవి దాని ముఖ్యాంగములు.

కాన్సరు కణములు చక్కెరను అధికముగ మ్రింగును. గ్లూకోజునకు ఫ్లోరిను-18 జతపఱచిన ఎఫ్.డి.జి. అను పదార్థమును 1976లో బ్రూక్‌హేవెనులో తయారు చేసి, విమానముమీద ఫిలడెల్ఫియాకు పంపి మొదటిసారి మనుష్యులకిచ్చిరి. విమానమేల యన, దాని అర్ధజీవితకాలము 110 నిమిషములే. ఇది ‘పెట్’ యను పరీక్షకు ఉపయోగించును. విశాఖపట్టణమునుండి నర్సీపట్నమునకు ఎనుబది కిలోమీటర్లకు పైబడిన దారి; రెండుగంటలకు పైగా ప్రయాణము. అచ్చట బయలుదేఱిన మందులో సగమునకు మించి దారిలోనే పోవును. ఇట్టి పరీక్షలు పట్టణములలోనే జరుగుట కిదియొక కారణము.

తెలుగువారి సంబంధము

ఈ విద్యతో మనవారికి గల సంబంధము చిన్నది కాదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఫిస్కె యను ఆచార్యునితో గూడి 1925లో శరీరద్రవములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. లెడర్లీ ప్రయోగశాలలో వారి నాయకత్వముననే 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగ తయారయ్యెను. వారు 1948లో దివంగతులైరి. తరువాత కాలమున, కొన్ని అండాశయపు కాన్సరు కణములు ఫోలిక్ ఆమ్లమును అత్యాశతో పట్టుకొనునని తెలిసి, ఆ ఆమ్లమునకే టెక్నీషియమును జోడించి కాన్సరు జాడ దీయు పదార్థమును శాస్త్రజ్ఞులు నిర్మించి రోగులయందు పరీక్షించిరి.

పశ్చిమగోదావరి మండలమునందలి గొరగనమూడిలో 1896లో జన్మించిన స్వామి జ్ఞానానందగారు ప్రేగు, లివర్‌పూలు నగరములలో భౌతికశాస్త్రము నభ్యసించి, లివర్‌పూలున చాడ్విక్ ఆచార్యునియొద్ద పరిశోధించి, వాల్తేరునందలి ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో అణుభౌతికశాస్త్ర శాఖను నెలకొల్పిరి. ఏ పరమాణువు ఏ కిరణమును ఎంత శక్తితో విడుచుననుటను కొలుచు విద్యయే వారి సాధన. అట్టి కొలతలు లేక జాడపదార్థమును ఎన్నుకొనుట గ్రుడ్డివాని వేటయగును. అచ్చటి అణుపరిశోధనశాల వారి పేరనే యున్నది.

హైదరాబాదున సి.సి.ఎం.బి. ఆవరణమునందు ‘బ్రిట్’ సంస్థవారు జొనాకి యను ప్రయోగశాల నేర్పఱచి, భాస్వరము-32 చేర్చిన పదార్థములను పరిశోధకులకు సరఫరా చేసిరి. వంగభాషయందు జొనాకి యనగా మిణుగురు పురుగు. భాస్వరము-32 బీటా కణములనే విడుచును గనుక మనిషి పటము తీయుటకు తగదు. కాని గాజునాళమునందలి జన్యుపదార్థపు జాడ దీయుటకు మిక్కిలి అనుకూలము.

దేశమున సరఫరా

మన దేశమున తొలి పరిశోధనరియాక్టరు అప్సర 1956 ఆగస్టు 4న ట్రాంబేయందు పని ప్రారంభించెను. 1960లో సైరస్, 1985లో ధ్రువ వచ్చినవి. సైరస్ 2010 చివర మూతపడెను. 1963లో బొంబాయిలో రేడియేషన్ మెడిసిన్ సెంటరు స్థాపితమయ్యెను. 2002లో అచ్చటనే దేశమున మొదటి వైద్య సైక్లోట్రాను, పెట్ యంత్రము నెలకొన్నవి. నేడు హైదరాబాదులోని నిమ్స్ వంటి వైద్యశాలలయందు అణువైద్యశాఖలు గలవు. మన అనకాపల్లి మండలములోని అచ్యుతాపురముచెంత భాభా అణుపరిశోధనకేంద్రపు క్రొత్త ఆవరణము నిర్మాణమగుచున్నది.

రియాక్టరులు కొలదిగ నుండుటవలని అపాయము 2009-10 సంవత్సరములలో బయలుపడెను. కెనడా దేశపు చాక్ రివరు రియాక్టరు మరమ్మతునకై 2009 మే నెలలో ఆగి, 2010 ఆగస్టు వరకు నిలిచిపోయెను. ఆ నడుమనే హాలెండు దేశపు పెట్టెన్ రియాక్టరుగూడ ఆగెను. మాలిబ్డినము దొరకక అనేక దేశములలో రోగుల పరీక్షలు వాయిదా పడినవి. 66 గంటలలో సగమగు వస్తువును ధాన్యమువలె గాదెలో దాచుకొనుటకు వీలులేదు గదా!

భయమును జాగ్రత్తయు

మన గ్రామములలో ‘రేడియోధార్మిక సూది’ యనగానే భయపడి, వైద్యుడు చెప్పిన పరీక్షను మానుకొనువారు కలరు. మానుకొనినందున వ్యాధి మానదు; ఎముకలలో ప్రాకుచున్న కాన్సరు ఎవరికిని తెలియక పెరుగుచుండును. కావున కొలత తెలిసి మాటలాడవలెను. ఎముకల పరీక్షయందు శరీరమునకు కలుగు కిరణస్పర్శ సుమారు 4 మిల్లీసీవర్టులు. నేలనుండియు, ఆకాశమునుండియు, ఆహారమునుండియు ప్రతి మనుష్యునకు సగటున ఏటేట 2.4 మిల్లీసీవర్టులు ప్రకృతిసిద్ధముగనే కలుగుచున్నవి. అనగా ఈ పరీక్ష రెండేండ్ల ప్రకృతికిరణములకు ఇంచుమించు సమానము.

అట్లని అవసరము లేకయే పరీక్ష చేయించుకొనుటయు తగదు. గర్భిణులును, పాలిచ్చు తల్లులును ఆ సంగతిని వైద్యునకు ముందే చెప్పవలెను. పరీక్షానంతరము నీరు మిక్కుటముగ త్రాగి మాటిమాటికి మూత్రవిసర్జనము చేయవలెను. వైద్యులు చెప్పినంతకాలము పసిబిడ్డలను ఒడిలో నుంచుకొనరాదు. ఇంట ఎవరికైన ఇట్టి పరీక్ష చెప్పినప్పుడు, ఈ నాలుగు మాటలను విడమఱచి చెప్పగల చదువుకొన్న బిడ్డ ఆ ఇంట నుండుట గొప్ప మేలు.

విద్యార్థులారా! ఈ విద్యలో భౌతికము, రసాయనము, జీవశాస్త్రము, గణితము నాలుగును ఒకే పీటమీద కూర్చున్నవి. అర్ధజీవితకాలపు లెక్క మీ గణితపుస్తకములోని గుణశ్రేఢియే. వాహనమును జోడించుట మీ రసాయనశాస్త్రమే. రేడియము-డిని వేఱుచేయజాలని హెవెసీ తన ఓటమికి కారణమును వెదకెను. హెర్ట్జ్ సభలో సిగ్గుపడక ప్రశ్న నడిగెను. మీరును ప్రయోగశాలయందు ఫలితము అనుకొన్నట్లు రానప్పుడు పుస్తకములోని అంకెను వ్రాసి ముగింపక, ఎందువలన రాలేదో అడుగుడు. నర్సీపట్నపు రోగి పరీక్షకై దూరపట్టణమునకు పోవలసిన బాధను తగ్గించుటకు, దారిలో నశింపని క్రొత్త మందునైనను, చేరువలో పని చేయు క్రొత్త యంత్రమునైనను ఎవరో యొకరు కల్పింపవలసియున్నది. ఆ పని మీలో నెవరికైనను మిగిలియే యున్నది.